స్టేజీ మీదున్న అమ్మాయి నోరు తెరిస్తే విందాం

2025 నవంబర్ 4న థాయ్‌లాండ్‌లో మిస్ యూనివర్స్ పోటీకి దేశదేశాల నుంచి వచ్చిన అమ్మాయిలందర్నీ ఒక హాల్లో కూర్చోబెట్టారు, లైవ్ నడుస్తోంది. అక్కడ పోటీ నడిపిస్తున్న నవాత్ ఇత్సరాగ్రిసిల్ అనే పెద్దమనిషి మిస్ మెక్సికో ఫాతిమా బోష్‌ని పట్టుకుని ప్రమోషన్ షూట్‌కి ఎందుకు రాలేదని అందరి ముందూ నిలదీశాడు. ఆమె తలదించుకోలేదు, మీరు నాకు ఇవ్వాల్సిన మర్యాద ఇవ్వట్లేదు అని మొహం మీదే చెప్పేసింది, ఆయన సెక్యూరిటీని పిలిచాడు, ఆమె బయటికి నడిచింది. వెనకే ఇంకొందరు లేచారు, పోటీలో ఉండాలనుకుంటే కూర్చోండి అని ఆయన గట్టిగా చెప్పినా లేచారు, వాళ్లలో అప్పటికి మిస్ యూనివర్స్ కిరీటం ఉన్న డెన్మార్క్ అమ్మాయి విక్టోరియా కూడా ఉంది. తర్వాత ఆయన ఏడుస్తూ సారీ చెప్పాడు. నవంబర్ 21న ఫైనల్లో గెలిచింది ఆ ఫాతిమా బోషే.

ఆ గెలుపు మీద కూడా గొడవలున్నాయి, ఫైనల్‌కి ముందే ఒక జడ్జి రాజీనామా చేసి ఫలితం ముందే డిసైడ్ అయిపోయిందని ఆరోపించాడు, సంస్థ కాదంది. దాని మీద మేం తీర్పు చెప్పబోవట్లేదు. మేం మాట్లాడేది ఆ హాల్లో లేచి నిలబడ్డ క్షణం గురించి, ఎందుకంటే ఆ వీడియో మన శ్రీకాకుళం, విజయనగరం ఫోన్లలో కూడా తెగ తిరిగింది, చూసినవాళ్లలో శభాష్ అన్నవాళ్లున్నారు, పొగరు అన్నవాళ్లూ ఉన్నారు. పొగరు అన్నవాళ్లతో మాకు మాట్లాడాలనుంది.

ఇలాంటి పోటీల మీద కోపం కొత్తది కాదు. ఇలాంటిదే ఇంకో పోటీ మిస్ వరల్డ్‌ని 1951లో లండన్‌లో ఎరిక్ మోర్లీ మొదలుపెట్టిందే స్విమ్ సూట్ పోటీగా. 1970లో అక్కడే ఫైనల్ జరుగుతుంటే మహిళా ఉద్యమకారులు హాల్లోకి దూరి పిండి సంచులు విసిరారు. 1996లో బెంగళూరులో పెడితే ఇటు సంస్కృతి పేరు చెప్పి కొందరు, అటు ఆడవాళ్లని సరుకు చేస్తున్నారని వామపక్ష మహిళా సంఘాలు, రెండువైపులా రోడ్డెక్కాయి, చివరికి స్విమ్ సూట్ రౌండ్‌ని సీషెల్స్ దీవులకి తీసుకుపోయి చేసుకోవాల్సొచ్చింది. ఆ రౌండే ఇంక ఉండదని 2014లో సంస్థే ప్రకటించింది. కాబట్టి అరిస్తే ఏమీ మారదు అనుకోకండి, మారింది. కానీ అప్పుడు అరిచినవాళ్లు ఎక్కువగా పోటీలో లేనివాళ్లు, ఇప్పుడు మాట్లాడుతోంది దేశం పేరున్న సాష్ వేసుకుని స్టేజీ మీద నిలబడ్డ అమ్మాయిలే, మాకు పెద్ద తేడా కనిపించింది ఇక్కడే.

మన పక్క రాష్ట్రంలోనే చూడండి. 2025 మేలో హైదరాబాద్‌లో 72వ మిస్ వరల్డ్ పెట్టారు, వందకి పైగా దేశాల అమ్మాయిలొచ్చారు. మిస్ ఇంగ్లాండ్ మిల్లా మాగీ సీపీఆర్ ప్రచారం చెయ్యాలని వచ్చిన అమ్మాయి, అంటే గుండె ఆగిపోతే ఛాతీ నొక్కి ప్రాణం నిలబెట్టడం అందరికీ నేర్పాలని. ఆమె మధ్యలోనే వెళ్లిపోయింది. ముందు ఇంటి కారణాలన్నారు, తర్వాత ఆమె ఒక బ్రిటిష్ పత్రికతో, స్పాన్సర్ల టేబుళ్ల దగ్గర కూర్చోబెట్టి వాళ్లకి కాలక్షేపం చెయ్యమన్నట్టు అనిపించిందని చెప్పింది. సంస్థ ఆ మాట తప్పంది, తెలంగాణ ప్రభుత్వం ఎంక్వైరీ అంది, ఆమె ప్లేస్‌లో ఇంగ్లాండ్ నుంచే ఇంకో అమ్మాయి వచ్చి పోటీ పూర్తి చేసింది. నిజం ఏ పక్కనుందో ఇక్కడ కూర్చుని మేం తేల్చలేం. కానీ ఆ రెండు వారాలు టీవీల్లో, సోషల్ మీడియాలో ఆమె చెప్పిన విషయం కంటే ఆమె ఎలాంటిది, ఎవరు చెప్పిస్తే చెప్పింది అన్నదాని మీదే ఎక్కువ చర్చ నడిచింది, అది మాకు బాధేసింది.

అదే టూర్‌లో రామప్ప గుడి దగ్గర వచ్చిన అమ్మాయిల కాళ్ల మీద మన ఆడవాళ్లు నీళ్లు పోసి టవల్‌తో తుడిచిన ఫోటోలు వచ్చాయి. అతిథి మర్యాద అని కొందరు, ఆత్మగౌరవం పోయిందని కొందరు, పార్టీలు పార్టీలు తిట్టుకున్నాయి. ఇంటికొచ్చినవాళ్ల కాళ్లకి నీళ్లివ్వడం మనకీ ఉంది, చెంబుతో ఇస్తాం, వాళ్లే కడుక్కుంటారు. ప్రభుత్వ కార్యక్రమంలో కెమెరాల ముందు ఆడవాళ్లని కింద కూర్చోబెట్టి చేయించడం వేరు, అది చెయ్యకుండా ఉండాల్సింది. అంత గొడవలోనూ నీళ్లు పోసిన ఆ ఆడవాళ్ల గొంతు మాత్రం మాకు వినిపించలేదు. కుర్చీలో ఉన్న అమ్మాయి, కింద కూర్చున్న అమ్మాయి ఇద్దరూ ఎవరో చెప్పినట్టు చేసినవాళ్లే కదా.

ఆ పోటీ గెలిచిన థాయ్‌లాండ్ అమ్మాయి ఓపల్ సుచాత గురించి మన దగ్గర అందం వరకే రాశారు. ఆమెకి పదహారేళ్లప్పుడు రొమ్ములో గడ్డొస్తే ఆపరేషన్ చేసి తీశారు, అప్పట్నించీ ఆడపిల్లలు ఇలాంటివి దాచుకోవద్దని ప్రచారం చేస్తోంది. ఈ మాట మన జిల్లాలకి ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు. గడ్డ తగిలినా సిగ్గుపడి నెలలు నెలలు దాచేసి, ముదిరిపోయాక విశాఖ బండెక్కే అమ్మలు, అప్పలు, వదినలు మన వీధుల్లోనే ఉన్నారు. ముప్పై దాటిన ఆడవాళ్లకి రొమ్ము, గర్భాశయ ముఖద్వారం, నోటి క్యాన్సర్ స్క్రీనింగ్ ప్రభుత్వమే ఫ్రీగా చేస్తుంది, మీ ఊరి ఆశా కార్యకర్తనో ఏఎన్ఎం‌నో అడగండి, విశాఖలో అగనంపూడి దగ్గర హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. ఓపల్ ఫోటో వేసిన ప్రతి పేపరూ, మాతో సహా, పక్కన ఈ నాలుగు ముక్కలు వెయ్యాల్సింది అని మా గట్టి నమ్మకం.

సరే, ఇదంతా ఎక్కడో జరిగింది, మనకేటి అంటారా. మన దగ్గర పెళ్లిచూపులు లేవా. సిక్కోలైనా ఇజీనగరమైనా, బీటెక్ చదివి ఉద్యోగం చేస్తున్న గుంటకి కూడా ఆరోజు ఇంట్లో చెప్పే మాట ఒకటే, "అడిగిందానికి సెప్పు సాలు, ఎక్కువ మాటాడకు." వచ్చినవాళ్లు చూసి "గుంట నలుపేగానీ కళగుంది" అంటారు, మెచ్చుకున్నామనుకునే అంటారు, ఆ 'గానీ' ఆ పిల్ల గుండెలో ఎన్నేళ్లు ఉండిపోద్దో వాళ్లకి తెలీదు, పైగా రంగు తక్కువైతే కట్నం లెక్క పైకి పోయే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఇంటర్వ్యూలో గట్టిగా మాట్లాడమంటాం, స్టేజీ ఎక్కి స్పీచ్ ఇమ్మంటాం, అదే నోటితో నాకు ఈ సంబంధం వద్దు అంటే పొగరంటాం.

1994లో సుష్మితా సేన్, ఐశ్వర్యా రాయ్ మిస్ యూనివర్స్, మిస్ వరల్డ్ రెండు కిరీటాలూ ఒకే ఏడాది తెచ్చాక మన చిన్న టౌన్లలో కూడా బ్యూటీ పార్లర్లు, ఫెయిర్‌నెస్ క్రీములు బాగా పెరిగాయి. 1975 నుంచి అమ్ముతున్న ఫెయిర్ అండ్ లవ్‌లీ 2020లో పేరు మార్చుకుంది, ఆలోచన మాత్రం మన ఇళ్లలోంచి పోలేదు. ఇప్పుడు ఇంకా ప్రమాదం, డాక్టర్ చీటీ ఉంటేనే ఇవ్వాల్సిన స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్లని తెల్లబడతామని మొహానికి రోజూ రాసుకుంటున్నారు. మొదట్లో మెరుస్తుంది, కొన్నాళ్లకి చర్మం పలచబడి ఎర్రగా మండుతుంది, మొటిమలు, వెంట్రుకలు వస్తాయి, మానేస్తే ఇంకా రేగుతుంది. చీటీ లేకుండా అమ్మే మెడికల్ షాపుల మీద డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు ఇప్పుడన్నా కదలాలి, అమ్మలు కూడా ఆ ట్యూబు తెచ్చివ్వడం మానాలి.

మన గడ్డకి ప్రపంచంలో పేరు తెచ్చిన ఆడపిల్ల ఎవరని అడిగితే ఇక్కడ చిన్నపిల్లాడు కూడా చెప్తాడు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట కరణం మల్లీశ్వరి, 2000లో సిడ్నీలో 110, 130 మొత్తం 240 కేజీలెత్తి ఒలింపిక్ మెడల్ తెచ్చిన మొదటి భారత మహిళ. విజయనగరం పక్కన కొండవెలగాడ మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్‌లో మెడల్ కొట్టింది. బార్ మీద బరువు ఎవరి ఇష్టాన్ని బట్టీ మారదు, ఎత్తితే ఎత్తినట్టే, అందుకే మాకు ఆ ఆట మీద గౌరవం ఎక్కువ. అలాగని ర్యాంప్ మీద నడిచే అమ్మాయిని తక్కువ చేసి మాట్లాడం, ఆమెదీ కష్టమే, డైట్, ప్రాక్టీసు, అప్పులు, ఇంటికి దూరం అన్నీ ఉంటాయి. పైగా ఆటల్లో ఉన్నా నోరు తెరిస్తే ఏమవుద్దో 2023లో లైంగిక వేధింపుల మీద ఫిర్యాదు చేసి ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర రోడ్డు మీద కూర్చున్న మన రెజ్లర్లని చూశాం కదా, దేశానికి మెడల్స్ తెచ్చినవాళ్లనే నమ్మడానికి ఆధారాలేవని అడిగారు.

ఫాతిమాకి ఒక అదృష్టం ఉంది, కెమెరా ఆన్‌లో ఉంది, పక్కన లేచి నిలబడే తోటివాళ్లున్నారు. పలాసలో జీడిపిక్క కొట్టి, జీడి నూనెకి చేతులు నల్లబడి పొక్కిపోయిన అమ్మకి సూపర్‌వైజర్ వెకిలిమాట అంటే ఏ లైవ్ ఉంటుంది? బట్టల షాపులో రోజంతా నిలబడే పిల్లకి ఓనర్ కొడుకు వేధింపైతే ఎవరు లేస్తారు? పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద తెచ్చిన 2013 చట్టం ప్రకారం పదిమంది, ఆ పైన పనిచేసే ప్రతిచోటా ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి, లేకపోతే యజమానికి 50 వేల దాకా జరిమానా. పదికంటే తక్కువమంది ఉన్న చోట, లేదా యజమాని మీదే ఫిర్యాదు అయితే, జిల్లా స్థాయిలో వేసే లోకల్ కమిటీకి వెళ్లొచ్చు, ఫిర్యాదు తీసుకోడానికి ప్రతి మండలంలో ఒక నోడల్ ఆఫీసర్ ఉండాలి. జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి, అంటే ఎవరికివ్వాలో తెలీక తిరుగుతుంటేనే గడువు అయిపోద్ది.

శ్రీకాకుళం, విజయనగరం కలెక్టర్లని మేం అడుగుతోంది ఇది. లోకల్ కమిటీ సభ్యుల పేర్లు, మండలాల వారీగా నోడల్ ఆఫీసర్ల ఫోన్ నంబర్లు పెద్ద అక్షరాల్లో తెలుగులో రాయించి బస్టాండ్లలో, కాలేజీల్లో, షాపింగ్ కాంప్లెక్సుల్లో పెట్టించండి, మాకు పంపితే మా పేపర్లో ఫ్రీగా వేస్తాం. మొదటి బోర్డు పలాసలో జీడి ఫ్యాక్టరీల గేటు దగ్గర పెట్టండి.