జెట్ ఇంజిన్ గారికి బహిరంగ లేఖ: సొమ్మొకడిది, సోకొకడిది

జెట్ ఇంజిన్ గారికి,

రెక్క కింద దర్జాగా వేలాడే తమరికి నమస్కారాలు. తమ కడుపులో జరుగుతున్న అన్యాయం గురించి నాలుగు మాటలు రాస్తున్నాను. కోపగించుకోకండి. అసలే తమరికి వేడెక్కువ.

చిన్నప్పుడు మాకు చెప్పిందేమిటి? ఊదిన బెలూన్ మూతి వదిలేస్తే గాలి ఒకవైపు, బెలూన్ ఇంకోవైపు పోతుందనీ, మీరూ అంతేననీ, వెనక నుంచి మంట కక్కుతూ ముందుకు దూసుకుపోతారనీ. న్యూటన్ మూడో సూత్రం అని రాసి మార్కులు కూడా కొట్టేశాం. తీరా చూస్తే, ఈ కాలపు పెద్ద విమానాల్లో తమ ముందు భాగంలో ఉండే ఫ్యాన్ లాగిన గాలిలో సుమారు పదో వంతే మంట దాకా వెళ్తుంది. మిగతాది మంటని పలకరించను కూడా పలకరించకుండా, పక్కదారిలో చల్లగా వెనక్కి జారుకుంటుంది. విమానాన్ని నెట్టే బలంలో ఎక్కువ భాగం ఆ చల్లగాలిదే. న్యూటన్ గారు బానే ఉన్నారు, మోసపోయింది మేమే.

కొంచెం గాలిని విపరీతమైన వేగంతో విసిరేకన్నా, బోలెడు గాలిని ఓ మోస్తరు వేగంతో నెట్టడమే లాభమని తమ తరఫు ఇంజినీర్లు అంటారు. అదే గాలికి వేగం రెట్టింపు చేస్తే నెట్టే బలం రెట్టింపే అవుతుంది, దానికి పెట్టే శక్తి మాత్రం నాలుగు రెట్లు. పైగా గాలి వేగం తక్కువైతే చప్పుడు కూడా తగ్గుతుంది. సరే, ఒప్పుకున్నాను. ఫ్యాన్ ఉండటం మీద నాకు గొడవ లేదు, దాని ఫోజు మీదే. పెద్ద ఇంజిన్లలో మూడు మీటర్లు దాటిన వ్యాసం, వంపులు తిరిగిన కార్బన్ ఫైబర్ రెక్కలు, నడిబొడ్డున తెల్లని సుడి గుర్తు. (ఆ సుడి బొట్టు కాదు. ఇంజిన్ తిరుగుతోందని కింద పనిచేసే సిబ్బందికి తెలియడానికి.) ఫోటోలన్నీ దానికే. దాన్ని తిప్పుతున్నది ఎవరని ఒక్కరైనా అడిగారా?

తిప్పేది టర్బైన్, అంటే మంట నుంచి దూసుకొచ్చే వాయువు తాకిడికి తిరిగే బ్లేడ్ల చక్రం. మంటకి ఎదురుగా, ఎవరి కంటా పడకుండా ఉంటుంది. దాని మీదకి వచ్చే వాయువు 1,500 డిగ్రీల సెల్సియస్ పైమాటే. బ్లేడు చేసిన నికెల్ మిశ్రలోహమేమో 1,350 దరిదాపుల్లోనే కరుగుతుంది. అంటే కరిగిపోవాల్సిన చోట నిలబెట్టి, నిమిషానికి పది వేల చుట్లకు పైగా తిప్పుతూ, కరిగితే ఊరుకోనని బెదిరిస్తున్నారన్నమాట.

అరచేతిలో పట్టే ఆ బ్లేడుని ఒకసారి దగ్గరగా చూడండి. లోపలంతా బోలు, అందులో వంకరటింకర దారులు. ఒంటి నిండా సన్నని చిల్లులు. వాటిలోంచి వచ్చే గాలి పలుచని పొరలా పరుచుకుని, మంటని నేరుగా తగలనివ్వదు. పైన సిరామిక్ పూత. బ్లేడు మొత్తాన్ని ఒకే స్ఫటికంగా పోత పోస్తారు. మామూలు లోహమైతే ఆ వేడికి రేణువుకీ రేణువుకీ మధ్య సరిహద్దుల దగ్గర సాగడం, చీలడం మొదలవుతుంది. ఇంతా చేసి, దాన్ని చల్లబరచడానికి తమరు పంపేది ఏమిటి? గాలిని నొక్కి మంటకి అందించే కంప్రెసర్ చివరి నుంచి మళ్ళించిన, దాదాపు 600 డిగ్రీల గాలి! తమ ఇంట్లో దాన్ని చల్లగాలి అంటారట.

పోనీ, సంపాదించింది దాని దగ్గర ఉంచుతారా? టర్బైన్‌లో మంటకి దగ్గరి బ్లేడ్ల వరుసల సంపాదన దాదాపు మొత్తం కంప్రెసర్ మింగేస్తుంది. వెనక వరుసలది ఫ్యాన్‌కి పోతుంది. ఆ కంప్రెసర్ గారిది మరీ చోద్యం. గాలి ఎక్కువ పీడనం నుంచి తక్కువ వైపు పోతానంటుంది, ఈయన ఎదురు తోస్తాడు. ఒక్కసారిగా తోస్తే గాలి రెక్కల్ని వదిలేసి తిరగబడుతుంది కాబట్టి, వరుస తర్వాత వరుస పెట్టి కొంచెం కొంచెంగా నొక్కాలి. టర్బైన్‌కి ఆ గారాబం లేదు. సీఎఫ్ఎం56 అనే విమాన ఇంజిన్‌లో అధిక పీడన కంప్రెసర్‌కి 9 వరుసలు, వాటన్నిటినీ తిప్పే టర్బైన్ ఒకే ఒక్క వరుస! ఇంత చేసినా కంప్రెసర్ గారికి అలకొస్తే ధన్‌మని పేలినట్టు చప్పుడు, గాలి వెనక్కి తన్నడం, ఒక్కోసారి ముందు నుంచే మంట. దాన్ని సర్జ్ అంటారు. పక్క సీటాయన టెన్షన్ సంగతి వేరే చెప్పాలా?

ఇంకో తమాషా. మంట నిలవాలంటే కంప్రెసర్ గాలి ఇవ్వాలి. కంప్రెసర్ తిరగాలంటే టర్బైన్ తిప్పాలి. టర్బైన్ తిరగాలంటే మంట ఉండాలి. మరి మొదలెట్టేది ఎవరు? మామూలుగా తోక దగ్గర దాక్కున్న ఏపీయూ అనే బుల్లి ఇంజిన్ గాలి పంపి మిమ్మల్ని తిప్పుతుంది. మీరు వేగం అందుకోగానే దాని నోరు మూయించేస్తారు. ఏరు దాటాక తెప్ప తగలేయడం అంటే ఇదే.

తమరి పుట్టుకలోనే ఈ గుణం ఉంది. బ్రిటన్‌లో ఫ్రాంక్ విటిల్ 1930లో తమ పేటెంట్‌కి దరఖాస్తు పెట్టాడు. 1935లో దాన్ని రెన్యూవల్ చేయించడానికి 5 పౌండ్లు కావాల్సి వస్తే ప్రభుత్వం కట్టనంది, ఆయనా కట్టలేకపోయాడు, హక్కు పోయింది. అయినా పట్టు వదలక 1937 ఏప్రిల్‌లో తమరిని తిప్పితే, ఇంధనం కట్టేసినా వినకుండా వేగం పెంచుకుంటూ పోయారు. అడుగున కారి చేరిన ఇంధనం అంటుకుందని తర్వాత తెలిసింది. చుట్టూ ఉన్నవాళ్ళు కాలికి బుద్ధి చెప్పారు. ఇక ముందుగా గాల్లోకి ఎగిరింది ఆయన ఇంజిన్ కాదు, 1939 ఆగస్టులో జర్మనీలో హాన్స్ ఫాన్ ఓహైన్ ఇంజిన్.

చివరికి దిగేటప్పుడు కూడా ఇదే తంతు. ఆ హోరు విని ఇంజిన్ రివర్స్‌లో తిరుగుతోందని అందరూ అనుకుంటారు. నిజానికి ఏదీ వెనక్కి తిరగదు. ఫ్యాన్ గాలికి అడ్డం పెట్టి ముందుకు మళ్ళిస్తారంతే. లోపలి మంట ఎప్పటిలాగే వెనక్కే పోతూ, ఆగాల్సిన విమానాన్ని ఇంకా కాస్త ముందుకే నెడుతూ ఉంటుంది. బ్రేకు వేసిన పేరూ ఫ్యాన్‌కే!

ఇట్లు,
రెక్క పక్క కిటికీ సీటు ప్రయాణికుడు

తా.క. చాలా విమానాల్లో మేం పీల్చే గాలి కూడా తమ కంప్రెసర్ నుంచి తీసి, చల్లార్చి పంపేదేనట. అందుకే ఈ ఉత్తరం విమానం దిగాక పోస్టు చేస్తున్నాను.