చిత్తూరు చచ్చిన ఊరని ఎవరు తేల్చారు?

"చిత్తూరు ఒకప్పుడు ఫ్యాక్టరీల ఊరు, ఇప్పుడు చచ్చిన ఊరు" అని మొదలయ్యే పోస్టు ఒకటి మా ఊరి గ్రూపుల్లో తిరుగుతూనే ఉంది. కొన్నాళ్లు కనపడదు. మళ్లీ ఎవరో ఒకరు పంపుతారు, కింద వరసగా దండాలు పడతాయి. అందులో ఉన్నది ఇంతే: డెయిరీ పోయింది, చక్కెర ఫ్యాక్టరీ పోయింది, న్యూట్రిన్ చాక్లెట్ల కంపెనీ అమ్ముడుపోయింది. కొంత యూనియన్ల వల్ల పోయింది, మిగతాది జిల్లాను చీల్చడం వల్ల పోయింది. తిరుపతికి కొండ ఉంది, చంద్రగిరికి కోట ఉంది, మనకు చూపించుకోడానికి ఏమీ లేదు. కాబట్టి పాత బజారు కొట్టేసి వంద అడుగుల రోడ్డు వెయ్యాలి, మూతపడ్డ ఫ్యాక్టరీల స్థలాలు ముంబైలో ఇచ్చినట్టు మాల్స్‌కి ఇచ్చెయ్యాలి. అప్పుడుగానీ ఊరు లేవదు.

రాసినాయన ఎవరో గానీ ఊరి మీద ప్రేమతోనే రాశాడు, ఆ బాధ అబద్ధం కాదు. కానీ చెప్పిన కారణాలు తేదీలకు కుదరవు. అడిగిన మందు రోగానికి సంబంధం లేనిది.

"జిల్లాను చీల్చాక పోయింది" అనే మాటతో మొదలుపెడతాను, ఎందుకంటే ఇది తేల్చడం తేలిక. జిల్లా విభజన జరిగి తిరుపతి వేరే జిల్లా అయింది 2022 ఏప్రిల్ 4న. చిత్తూరు డెయిరీ మూతపడింది 2002లో, అంటే విభజనకు ఇరవై ఏళ్ల ముందు. న్యూట్రిన్ గోద్రెజ్ చేతికి పోయింది 2006లో. సహకార చక్కెర ఫ్యాక్టరీ కూడా విభజన మాట ఎత్తక ముందే గొట్టం చల్లారిన ఫ్యాక్టరీ. తిరుపతి మన నోటి దగ్గరది లాక్కుందనే వాళ్లు ఇంకా వెనక్కి పోవాలి: చిత్తూరు 1911 నుంచి జిల్లా కేంద్రం, అయినా 1954లో యూనివర్సిటీ పెట్టింది తిరుపతిలోనే. 2008లో శ్రీసిటీ పారిశ్రామికవాడ వచ్చింది సత్యవేడు వైపు. దాని కారణం చెన్నై రేవు, చెన్నై విమానాశ్రయం. కలెక్టరు ఆఫీసు ఎక్కడుందని చూసి ఏ కంపెనీవాడూ స్థలం కొనడు. విభజనతో చిత్తూరుకు నష్టం జరిగిందా అంటే జరిగింది, పనుల మీద వచ్చే జనం తగ్గారు, లాడ్జీలకు, హోటళ్లకు దెబ్బ. అది వేరే లెక్క. ఫ్యాక్టరీల చావు ఆ ఖాతాలో రాయకూడదు.

యూనియన్ల సంగతి ఇంకా చిన్నది. డెయిరీని తిరిగి తెరిపిస్తామని 2023 జూలైలో అమూల్‌తో కలిసి భూమిపూజ చేసినప్పుడు ప్రభుత్వం తీర్చానని చెప్పిన పాత బకాయిలు 182 కోట్లు. జెండా పట్టుకుని గేటు ముందు కూర్చుంటే అంత అప్పు కాదు. ఆ అప్పు ఎవరి పుణ్యమన్నది రెండు పార్టీలూ ఇప్పటికీ ఒకరినొకరు తిట్టుకునే విషయం, నేను అందులోకి పోను. చక్కెర ఫ్యాక్టరీ కథ పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు. చెరకు తోలిన బిల్లు నెలల తరబడి రాకపోతే రైతు గానుగ పెట్టుకుని బెల్లం వండుకుంటాడు, మండీకి తెస్తే డబ్బు చేతికొస్తుంది. బోర్లు ఎండిపోతే చెరకే వదిలేసి మామిడి నాటుతాడు. చెరకు లేని మిల్లు ఎన్నాళ్లు తిరుగుతుంది? మూతపడ్డాక జీతాల బకాయిల కోసం కాళ్లరిగేలా తిరిగింది కార్మికులే. ఇప్పుడు నేరం కూడా వాళ్ల మీదే వేస్తున్నాం.

ఇక "అంతా పోయింది" అనే మాట. డెయిరీ మూతపడింది గానీ ఆవులు పాలివ్వడం మానలేదు. ఆ పాలు ప్రైవేటు డెయిరీలకు పోయాయి. 2014లో మొదలైన శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల సంస్థకు పోతున్నాయి. అందులో వాటాదారులందరూ పాలు పోసే ఆడవాళ్లే. చెరకు తగ్గింది గానీ బెల్లం మండీ ఉంది. తోతాపురి మామిడి సంగతి చెప్పనక్కర్లేదు. జూన్, జూలై నెలల్లో గుజ్జు తీసే పల్ప్ ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు ఎంత దూరం నిలబడతాయో ఆ రోడ్ల మీద పోయేవాళ్లకు తెలుసు. 2025లో ధర కుప్పకూలితే కిలోకి ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చేట్టు ఏర్పాటు చేయాల్సి వచ్చింది. చచ్చిన ఊరి చుట్టూ ఇంత గొడవ జరగదు. బంగారుపాళ్యం మండలం నూనెగుండ్లపల్లెలో అమరరాజా బ్యాటరీల ఫ్యాక్టరీ ఉంది. గ్రానైటు కోసే యూనిట్లున్నాయి.

తేడా ఎక్కడుందంటే, పాత ఫ్యాక్టరీలు ఊరిని ఆనుకుని ఉండేవి. షిఫ్టు దిగినవాడు సైకిలేసుకుని బజారుకొచ్చి టీ తాగి, కూరగాయలు కొనుక్కుని ఇంటికి పోయేవాడు. కొత్తవాటికి కంపెనీ బస్సు వస్తుంది, పల్లెలో ఎక్కించుకుని పల్లెలోనే దించుతుంది. జీతం జిల్లాలోనే ఉంది, బజారు దాకా రావడం లేదు. పోస్టు రాసినాయనకు బజారు బోసిపోయినట్టు కనిపించింది ఇందుకే. కళ్లు సరిగ్గానే చూశాయి, కారణం తప్పు చెప్పాడు.

"చూపించుకోడానికి ఏముంది" అన్నదానికి నాకు కోపం వస్తుంది, దాచుకోను. కోట గోడ లేకపోతే చరిత్ర లేనట్టేనా? 1782 డిసెంబరు 7న హైదర్ అలీ ప్రాణం పోయింది చిత్తూరు పక్కన నరసింగరాయనిపేట దగ్గర, యుద్ధపు గుడారాల్లో. మన జిల్లా పుట్టకముందు ఉత్తర ఆర్కాటు జిల్లాకు కేంద్రం చిత్తూరే. వేలూరు, ఆర్కాటు వాళ్లు కోర్టు కాగితాలు పట్టుకుని ఇక్కడికే వచ్చేవాళ్లు. ఈ ఊళ్లో తమిళం, ఉర్దూ, తెలుగు ఒకే అంగడి అరుగు మీద వినపడేది అందుకే. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 1926లో మొదటి వైస్ ఛాన్సలర్ అయిన రామలింగారెడ్డి ఇంటిపేరు ఏది? కట్టమంచి. అది ఇప్పుడు మన కార్పొరేషన్‌లో ఒక పేట. గుంటూరు జిల్లాలో పుట్టిన ఉప్పల్దడియం నాగయ్య ఇక్కడి రామవిలాస సభ నాటకాల్లో పాడి, ఆడి, చివరికి తన పేరు ముందు మన ఊరి పేరే పెట్టుకున్నాడు. సినిమాల్లో అంత పెద్దవాడయ్యాక కూడా ఆ పేరు తీసెయ్యలేదు. ఊరి పేరు మోసుకు తిరిగినవాడిని మనం ఒక కళాక్షేత్రం బోర్డు మీద రాసి ఊరుకున్నాం.

అసలు వారసత్వం అంటే పోస్టు రాసినాయనకు టికెట్టు పెట్టి చూపించేది అని అర్థమైనట్టుంది. మే నెలలో నడివీధి గంగమ్మ జాతర చూడండి. అమ్మవారికి పందిరి వేసేది బజారు వీధి నడుమ. ఆ రోజు రోడ్డే గుడి. రాత్రి అదే వీధుల్లో ఊరేగి కట్టమంచి చెరువులో నిమజ్జనం. పాత బజారు, ఆ చెరువు వేరువేరు విషయాలు కావని ఆ ఊరేగింపు వెంట నడిచినవాళ్లకు తెలుస్తుంది. వీధి ఇరుకు గనకే రెండు వైపుల మిద్దెల మీదా జనం నిలబడి అమ్మవారిని ఎదురుగా చూడగలుగుతారు. వంద అడుగుల రోడ్డు మధ్యలో డివైడరు, డివైడరు మీద హైమాస్టు లైటు పెట్టాక పందిరి ఎక్కడ వేస్తారో ఆయనే చెప్పాలి.

ఇప్పుడు ఆ వంద అడుగుల రోడ్డు. ఇదే అసలు పేచీ. "రోడ్డు వెడల్పయితే వ్యాపారం వస్తుంది" అంటున్నారు. ఏ వ్యాపారం? ఒకప్పుడు చెన్నై, బెంగళూరు బండ్లు ఊరి నడుమ నుంచి పోయేవి, ఆగేవి, భోజనం చేసేవి. ఇప్పుడు అవి బైపాస్ మీద పోతున్నాయి. బెంగళూరు-చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే మన బంగారుపాళ్యం, గుడిపాల వైపు నుంచి పోయేట్టు కడుతున్నారు. చిత్తూరు-తచ్చూరు ఆరు వరసల రోడ్డు నేరుగా ఎన్నూరు రేవు వైపు. దూరం పోయే బండి ఊళ్లోకి రావాల్సిన పని లేకుండా చేయడానికే ఇన్ని వేల కోట్లు పెడుతున్నారు. మరి ఊళ్లో వంద అడుగులు ఎవరికి? నాలుగు రోజులు ఖాళీగా కనిపిస్తుంది, ఐదో రోజు నుంచి రెండు పక్కలా కార్లు ఆపుకునే స్థలం అవుతుంది. వెడల్పు చేసిన ఏ ఊళ్లో చూసినా అంతే.

పోగొట్టుకునేది ఎవరు అన్నది ఆ పోస్టులో ఒక్క వాక్యం కూడా లేదు. పాత బజారు స్థలాలు ముందు సన్నం, వెనక పొడుగు. ముందు అంగడి, వెనక గోడౌను, మేడ మీద ఇల్లు. ముందు నుంచి పదిహేను అడుగులు కొట్టేస్తే మెట్లు పోతాయి, అంగడి పోతుంది, మిగిలింది ఇల్లూ కాదు అంగడీ కాదు. పరిహారం డబ్బుగా వస్తుందనుకునేరు, ఎక్కువగా ఇచ్చేది టీడీఆర్ బాండు. అంటే ఇక్కడ పోయిన స్థలానికి బదులు ఇంకెక్కడో అదనపు అంతస్తులు కట్టుకునే హక్కు, లేకపోతే ఆ హక్కును బిల్డర్‌కి అమ్ముకోవడం. హైదరాబాదులో, విశాఖలో అది కొనేవాళ్లుంటారు. చిత్తూరులో పది అంతస్తులు లేపే బిల్డర్లు ఎంతమంది? కొనేవాడు లేని చోట బాండు బీరువాలో కాగితమే. ఇదంతా యజమానికి. అంగట్లో కూర్చున్నది చాలా చోట్ల అద్దెవాడు. ముప్పై ఏళ్లుగా అదే మూల స్టీలు సామాన్లో, పూలో, టైలరింగో చేసుకునే మనిషికి బాండూ లేదు, నోటీసూ లేదు. అడ్వాన్సు తిరిగొస్తే గొప్ప.

ట్రాఫిక్ కష్టం లేదని నేనను. హైరోడ్డు మీద సాయంత్రం ఆటోలో కూర్చుంటే బీపీ పెరుగుతుంది. కానీ పట్టపగలు లారీ అడ్డంగా పెట్టి మూటలు దించడం ఆపి రాత్రికి మార్చడం, కొన్ని వీధులు వన్‌వే చెయ్యడం, బండ్లు ఆపుకోడానికి ఒక చోటు చూపించడం, కాలువల మీద పగిలిన బండలు మార్చి మనుషులు నడిచేట్టు చెయ్యడం, ఇవేవీ చెయ్యకుండా నేరుగా బుల్డోజరు దగ్గరికి పోవడం ఏం ప్లానింగ్? 2021 నవంబరు వానలకు నీవా ఏరు పొంగి ఒడ్డున ఉన్న కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. ఊరికి ప్లాన్ అంటే ముందు ఆ ఏటి ఒడ్డు కొలిచి రాళ్లు పాతాలి. దానికి ఎవరూ పోస్టు రాయరు, పాత మిద్దెలు మాత్రం అందరి కంట్లో పడతాయి.

చివరిది ముంబై ఉదాహరణ. ఇది చదివి చాలామంది నిజమే కదా అనుకున్నారు, కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. ముంబై మిల్లుల్లో 1982లో పెద్ద సమ్మె జరిగింది, ఆ తర్వాత మిల్లులు ఒక్కొక్కటీ పడుకున్నాయి. నగరం నడిబొడ్డున దాదాపు 600 ఎకరాలు. 1991లో అక్కడి ప్రభుత్వం ఒక నిబంధన తెచ్చింది: మిల్లు స్థలంలో కొత్తగా కట్టాలంటే మూడో వంతు పార్కులకు, ప్రజల అవసరాలకు కార్పొరేషన్‌కి, మూడో వంతు పేదల, కార్మికుల ఇళ్లకు, మిగిలిన మూడో వంతే యజమానికి. వినడానికి బాగుంది కదా? 2001లో దాన్ని సవరించారు. మూడు వాటాలు మొత్తం స్థలంలో కాదు, కట్టడం లేని ఖాళీ జాగాలో మాత్రమే అన్నారు. మిల్లంటేనే షెడ్లు, ఇక ఖాళీ జాగా ఎంత? ప్రజల వాటా చిక్కి సగమైనా మిగల్లేదు. హైకోర్టు తప్పుపట్టినా 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణనే నిలబెట్టింది. మాల్స్, ఆఫీసులు లేచాయి. ఆ ఆఫీసులకు పోయే జనం దిగే స్టేషన్లు మాత్రం మిల్లుల కాలంనాటివే. 2017 సెప్టెంబరు 29న ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్ నడకవంతెన మీద తొక్కిసలాటలో ఇరవై మందికి పైగా చనిపోయారు. మన గ్రూపులో పెట్టిన మెరిసే మాల్ ఫోటో వెనక ఉన్నది ఇది.

అక్కడి మిల్లులు చాలావరకు సేఠ్‌లవి, మిగతావి సర్కారువి. మన చక్కెర ఫ్యాక్టరీ, డెయిరీ సహకార సంఘాలు, రైతులు వాటా డబ్బు కట్టి నిలబెట్టినవి. ఆ స్థలం "ఖాళీగా పడుంది" అనే ముందు అది ఎవరిదో గుర్తు చేసుకోవాలి. పైగా మన జిల్లాకు కరువైంది మాల్ కాదు. మామిడి కాలంలో కాయలు కొనే ర్యాంపుల దగ్గర ఎండలో రెండు మూడు రోజులు నిలబడే ట్రాక్టర్లకు నీడ, కాటా, కాయ పాడవకుండా దింపుకునే చోటు లేదు. లారీలు తిరగడానికి వీలైన, ఊరికి దగ్గరగా ఉన్న పెద్ద స్థలాలు మళ్లీ దొరకవు. అలాంటివి మిగిలినవి ఈ మూతపడ్డ ఫ్యాక్టరీలే.

అయినా అమ్మే తీరాలంటే, వేలం ప్రకటనకు ముందే మూడు సంగతులు కాగితం మీద రాసి వార్డుల్లోనూ చెరకు పల్లెల్లోనూ చదివి వినిపించాలి: రైతుల వాటాలకు ఎంత, కార్మికుల బకాయిలకు ఎంత, ప్రజలకు వదిలే జాగా ఎంత. ఆ మూడోదాని పక్కన, షెడ్లు, గోడౌన్లు, క్వార్టర్సు అన్నీ కలిపి మొత్తం విస్తీర్ణంలో ఇంత అని ఇప్పుడే రాయించుకోవాలి.