అప్పు, సారా, సిద్ధాంతం

అసెంబ్లీలో మైకులు విరిగినప్పుడల్లా, కాగితాలు చించి స్పీకర్ మీదికి విసిరినప్పుడల్లా మనలో నాలుగు పుస్తకాలు చదివినవాళ్లు ఒక నిట్టూర్పు విడుస్తారు. "అమెరికాను నిలబెట్టినవాళ్లను చూడండి! వాషింగ్టన్, హామిల్టన్, జెఫర్సన్, మాడిసన్... ఎంత సిద్ధాంత నిబద్ధత, ఎంత హుందా అయిన చర్చలు!" అంటారు. నేనూ ఆ మాటే అంటాను. కాకపోతే ఆ హుందాతనం ఏ మోతాదులో ఉండేదో ఈ తరానికి సరిగ్గా తెలియడం లేదని నా బాధ.

1798 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాలో, సాక్షాత్తు ప్రతినిధుల సభలో, కనెక్టికట్ సభ్యుడు రోజర్ గ్రిస్వోల్డ్ చేతికర్ర పుచ్చుకుని వెర్మాంట్ సభ్యుడు మాథ్యూ లయన్‌ను చితకబాదారు. లయన్ గారు సభలోని నెగడు దగ్గరికి పరిగెత్తి నిప్పుల పటకారు అందుకున్నారు. అంతకు రెండు వారాల ముందు అదే సభలో లయన్ గారు ఆయన మొహాన ఉమ్మేశారు లెండి, ఆ బాకీ తీర్చడం ఇది. మన శాసనసభల్లో నెగళ్లు లేకపోవడం మన ఎండలు చేసిన మహోపకారం. ఆ ఏడాదే అధ్యక్షుడు ఆడమ్స్‌ను విమర్శించిన నేరానికి లయన్‌ను జైల్లో పెట్టారు. ఆయన జైల్లో ఉండగానే మళ్లీ గెలిచారు. జైలు నుంచి గెలవడం మనవాళ్లు కనిపెట్టిన విద్య అనుకునేవారు ఇకనైనా గర్వం తగ్గించుకోవాలి.

ఇదంతా చేతుల చర్చ. బుర్రల చర్చ ఇంతకంటే ఎత్తులో సాగింది.

1790 జనవరిలో ఆర్థిక మంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ అప్పుల పద్దు సభ ముందు పెట్టారు. కేంద్రం బాకీ దాదాపు 5 కోట్ల 40 లక్షల డాలర్లు, రాష్ట్రాల బాకీ ఇంకో రెండున్నర కోట్ల దాకా ఉంటుందని అంచనా. బ్రిటన్‌తో యుద్ధం చేసిన సైనికులకు జీతాల బదులు చాలావరకు కాగితాలు ఇచ్చారు. కాగితం పొయ్యి మీద ఉడకదు కాబట్టి వాళ్లు వాటిని డాలరుకు పది, పదిహేను సెంట్లకు వ్యాపారులకు అమ్ముకుని ఇళ్లకు పోయారు. ఇప్పుడు హామిల్టన్ గారు ఆ కాగితాలకు పూర్తి విలువ చెల్లిస్తామన్నారు. ఎవరికి? కాగితం ప్రస్తుతం ఎవరి చేతిలో ఉంటే వాళ్లకి. మాట అంటే మాటే, ప్రభుత్వ పరపతి నిలవాలి, అది సిద్ధాంతం.

ఈ సిద్ధాంతం ఎంత ఉత్తేజం కలిగించిందంటే, పల్లెల్లో సైనికులకు కబురు చేరకముందే నగరాల నుంచి డబ్బు సంచులతో మనుషులు దక్షిణాదికి బయల్దేరారు. కనెక్టికట్ సభ్యుడు వాడ్స్‌వర్త్ కాగితాలు కొనడానికి ఏకంగా రెండు ఓడలు పంపారని పెన్సిల్వేనియా సెనేటర్ మెక్లే తన డైరీలో కడుపుమంటతో రాసుకున్నారు. బిల్లు సభలో ఉండగానే సభ్యుడి ఓడలు సముద్రంలో ఉండటం! ప్రజాప్రతినిధి అంత చురుగ్గా పనిచేయడం ఎప్పుడైనా చూశామా?

అప్పుడు జేమ్స్ మాడిసన్ లేచి, అసలు రక్తం చిందించినవాడికి కూడా కొంత వాటా ఇవ్వాలని వాదించారు. గొప్ప మాట. ఏడేళ్ల కిందట, 1783లో, మొదట పుచ్చుకున్నవాళ్లకూ తర్వాత కొన్నవాళ్లకూ తేడా చూపడం అన్యాయమని రాసిందీ ఈ మాడిసన్ గారే. ఆ మాటా గొప్పదే. వాటా ప్రతిపాదన 36–13 తేడాతో ఓడిపోయింది. ఓడ ఎక్కేదాకా ఓడ మల్లయ్య, దిగాక బోడి మల్లయ్య అన్న సామెతను వర్జీనియా, మసాచుసెట్స్ సైనికులకు ఎవరూ చెప్పి ఉండరు. అయినా అర్థమైపోయి ఉంటుంది.

తర్వాత రాష్ట్రాల అప్పులను కేంద్రం నెత్తికెత్తుకునే సమస్య వచ్చింది. వర్జీనియా అప్పటికే తన బాకీ చాలావరకు తీర్చేసింది. మసాచుసెట్స్ తీర్చలేదు. "మేం కట్టుకున్నాక ఇప్పుడు వాళ్లదీ మేమే కట్టాలా?" అని దక్షిణాది మొండికేసింది. ఏప్రిల్లో బిల్లు ఓడింది. జూన్లో విదేశాంగ మంత్రి థామస్ జెఫర్సన్ న్యూయార్క్‌లో తన ఇంటికి హామిల్టన్‌ను, మాడిసన్‌ను భోజనానికి పిలిచారు. భోజనం ముగిసేసరికి రాజ్యాంగ సూత్రాలన్నీ సర్దుకున్నాయి. హామిల్టన్‌కు అప్పుల బిల్లు, దక్షిణాదికి రాజధాని. పదేళ్లు ఫిలడెల్ఫియాలో ఉండి, తర్వాత పొటోమాక్ నది ఒడ్డుకు రాజధాని మారుతుంది. ఆ నది పక్క జిల్లాల సభ్యులు ఇద్దరు అప్పటిదాకా ప్రాణం పోయినా ఒప్పుకోమన్న బిల్లుకు ఓటు వేయడానికి సరేనన్నారు. వారిలో ఒకరికి కడుపులో తిప్పినంత పనైందని జెఫర్సనే రాశారు. కడుపులో తిప్పినా ఓటు మాత్రం పడింది. కొత్త రాజధాని స్థలానికి కాస్త దిగువన, అదే నది ఒడ్డున, అధ్యక్షుడు వాషింగ్టన్ గారి ఎస్టేటు ఉండటం కేవలం భౌగోళిక విశేషం. రాజధాని ఎక్కడ అన్న చర్చలో భూములకూ సూత్రాలకూ ఉండే బంధుత్వాన్ని తెలుగువాళ్లకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

రెండేళ్లు దాటగానే జెఫర్సన్ గారు హామిల్టన్ తనను మోసపుచ్చి పనిముట్టుగా వాడుకున్నారని వాషింగ్టన్‌తో వాపోయారు. ఇల్లు తనది, వంట తనది, పిలుపు తనది. అతిథి వచ్చి మోసం చేసిపోయాడు.

మోసపోయిన మనిషి ఊరుకుంటాడా? 1791లో ఫ్రెనో అనే కవిగారిని ఏడాదికి 250 డాలర్ల జీతంతో తన శాఖలో అనువాదకుడిగా వేసుకున్నారు. కవిగారు మిగతా సమయంలో ఒక పత్రిక నడిపారు. ఆ పత్రిక పని హామిల్టన్‌ను తిట్టడం. అవతలి పక్షం పత్రికకు హామిల్టన్ గారి ఖజానా శాఖ నుంచి అచ్చు పనులు అందేవి. అంటే ప్రభుత్వాన్ని పొగిడే పత్రికకూ తిట్టే పత్రికకూ ప్రభుత్వ సొమ్మే. ఇంతటి నిష్పాక్షికత మన దగ్గర ఇంకా రాలేదు.

ఇక సారా సంగతి. అప్పు నెత్తికెత్తుకున్నాక వడ్డీ కట్టాలిగా. 1791లో విస్కీ మీద పన్ను వేశారు. పశ్చిమ పెన్సిల్వేనియా రైతుకు విస్కీ అంటే సాయంత్రం సరదా కాదు. అలెగెనీ కొండలు దాటించి రై ధాన్యం అమ్మాలంటే గుర్రం మోసే బరువుకు రవాణా ఖర్చు కూడా రాదు. అదే ధాన్యాన్ని కాచి పీపాల్లోకి దించితే ఆ గుర్రమే ఎన్నో రెట్ల సరుకు మోస్తుంది. నాణేలు కనపడని ఆ కొండల్లో కూలీకి విస్కీ, కిరాణాకి విస్కీ. అలాంటిచోట పన్ను మాత్రం నగదుగా కట్టమన్నారు. పెద్ద బట్టీలవాళ్లు ఏడాది పొడవునా కాస్తారు కాబట్టి వాళ్లకు గ్యాలనుకు పన్ను తక్కువ పడేది. చిన్న రైతుకు ఎక్కువ పడేది. కట్టకపోతే కేసు ఫిలడెల్ఫియాలో, మూడు వందల మైళ్ల అవతల. వాయిదాకు వెళ్లి వచ్చేసరికి పొలం పని మునిగేది.

దూరాన ఉన్న పార్లమెంటు మా ప్రతినిధులు లేకుండా పన్ను వేసిందని విప్లవం చేసిన దేశం అది. కొండల్లోవాళ్లు ఆ పాఠం గుర్తుపెట్టుకుని అధికారులకు తారు పూసి ఈకలు అంటించారు. 1794 జూలైలో పన్నుల ఇన్‌స్పెక్టర్ జాన్ నెవిల్ ఇల్లు తగలబెట్టారు. పన్ను వసూలు చేసే నెవిల్ గారిదీ ఒక పెద్ద బట్టీయే. వాషింగ్టన్ గారు దాదాపు 13,000 మంది సైన్యాన్ని పోగుచేసి, స్వయంగా గుర్రమెక్కి బయల్దేరారు. పక్కన హామిల్టన్. కొండలెక్కి చూస్తే తిరుగుబాటుదారు ఒక్కడూ కనపడలేదు. ఎలాగోలా ఇరవై మందిదాకా పట్టుకుని రాజధానికి నడిపించారు. ఇద్దరికి దేశద్రోహం రుజువైంది. ఇద్దరికీ వాషింగ్టన్ గారు క్షమాభిక్ష పెట్టారు. రాజ్యం పరువు నిలిచింది.

పదవి దిగిన 1797లోనే వాషింగ్టన్ గారు తన మౌంట్ వెర్నాన్ ఎస్టేటులో విస్కీ బట్టీ పెట్టించారు. సలహా ఆయన మేనేజర్, స్కాట్లాండ్ నుంచి వచ్చిన ఆండర్సన్‌ది. చాకిరీ బానిసలది. 1799లో ఐదు బట్టీల మీద దాదాపు 11,000 గ్యాలన్లు దించారు. దేశంలోకెల్లా పెద్ద బట్టీల్లో అదొకటి. ఏ సరుకు మీద పన్ను కోసం దండు కట్టారో ఆ సరుకులోనే దిగారని కొందరు పెదవి విరుస్తారు. నేను వాళ్లతో ఏకీభవించను. పన్నుల చట్టం పెద్ద బట్టీకి లాభమని చేతల్లో చూపించిన నాయకుడు ఇంకెవరున్నారు?

బ్యాంకు విషయంలో చర్చ ఇంకా నిర్మలం. హామిల్టన్ జాతీయ బ్యాంకు అన్నారు. రాజ్యాంగంలో రాసి లేనిది చేయకూడదని జెఫర్సన్, మాడిసన్ అన్నారు. కూడదని రాసి లేదుగా అని హామిల్టన్. 1791లో ఇరవై ఏళ్ల గడువుతో బ్యాంకు వచ్చింది. మరుసటి ఏడాదే హామిల్టన్ గారి శాఖలో కొన్నాళ్లు సహాయకుడిగా పనిచేసిన విలియం డ్యూయర్ సట్టా ఆడి మార్కెట్‌ను కూల్చి జైలుకు పోయారు. దాని గురించి ఎక్కువ మాట్లాడటం హుందాగా ఉండదు.

బ్యాంకులంటే జెఫర్సన్ పక్షానికి పడదు. అందుకే ఆ పక్షం న్యూయార్క్ నేత ఆరన్ బర్ 1799లో బ్యాంకు పెట్టలేదు. నగర ప్రజలకు మంచినీళ్లు ఇచ్చే కంపెనీ పెట్టారు. పేరు మాన్‌హాటన్ కంపెనీ, మూలధనం 20 లక్షల డాలర్లు. నీళ్లకు పోను మిగిలిన డబ్బును కంపెనీ తనకు తోచినట్టు వాడుకోవచ్చని చార్టర్‌లో ఒక మూల చిన్న వాక్యం ఉంది. ఆ ఏడు సెప్టెంబర్‌లోనే బ్యాంకు తలుపులు తెరుచుకున్నాయి. నీళ్లూ వచ్చాయండోయ్, తొలిచిన పైన్ దుంగల గొట్టాల్లోంచి, వచ్చినప్పుడు. ఆ కంపెనీకి మొదట్లో మాట సాయం చేసినవాళ్లలో హామిల్టన్ కూడా ఉన్నారు. ఐదేళ్లకు బర్ తుపాకీ గుండుకే ఆయన పోయారు, అది వేరే కథ. ఆ నీళ్ల కంపెనీ వంశంలోదే ఇవాళ్టి జేపీ మోర్గాన్ చేజ్. హైదరాబాద్ ఆఫీసుల్లో వేల మంది మనవాళ్లు ఆ సంస్థకు పనిచేస్తున్నారు. వాళ్ల జీతాల మూలాల్లో ఎక్కడో ఒక చెక్క గొట్టం ఉంది.

1801లో జెఫర్సన్ గారు అధ్యక్షుడయ్యారు. విస్కీ పన్ను ఎత్తేశారు, మాట నిలబెట్టుకున్నారు. ఇక రాజ్యాంగంలో రాసి లేనిది చేయకూడదన్న సూత్రం మిగిలింది. 1803లో నెపోలియన్ లూయిసియానా అమ్ముతానన్నాడు. కోటిన్నర డాలర్లకు దేశం దాదాపు రెట్టింపవుతుంది. భూమి కొనడం గురించి రాజ్యాంగంలో ఒక్క ముక్క లేదు. జెఫర్సన్ గారు నిజాయితీగా సవరణ ముసాయిదా కూడా రాసుకున్నారు. ఈలోగా నెపోలియన్ మనసు మారుతుందేమోనన్న టెన్షన్ పట్టుకుంది. రాజ్యాంగ చిక్కుల గురించి ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిదని మాడిసన్‌కు ఉత్తరం రాసి, ముసాయిదాను పక్కన పెట్టారు. డబ్బు బాండ్ల మీద తెచ్చారు. ఆ బాండ్లను నమ్మి కొన్నది లండన్ బేరింగ్స్, ఆమ్‌స్టర్‌డామ్ హోప్ సంస్థలు. అమెరికా కాగితానికి ఆ పరపతి తెచ్చింది ఎవరయ్యా అంటే హామిల్టన్. ఇక హామిల్టన్ పక్షమైన ఫెడరలిస్టులు ఊరుకుంటారా? హామిల్టన్ శిష్యులే చాలామంది లేచి, రాజ్యాంగంలో రాసి లేనిది ఎలా చేస్తారని నిలదీశారు.

ప్రభుత్వం ఎంత చిన్నగా ఉంటే అంత మంచిదన్న ఆ జెఫర్సన్ గారే 1807లో దేశంలోని ఓడలేవీ విదేశాలకు కదలకూడదని ఆంక్ష పెట్టారు. ఎగుమతులు ఒక్క ఏడాదిలో 10 కోట్ల 80 లక్షల నుంచి 2 కోట్ల 20 లక్షల డాలర్లకు పడ్డాయి. ప్రభుత్వం సంగతేమో గానీ వ్యాపారం మాత్రం చక్కగా చిన్నదైంది.

అప్పు మీద ఆయనకు ఇంకో సిద్ధాంతం ఉండేది. భూమి బతికున్నవాళ్లది, ఒక తరం తన అప్పును ఇంకో తరం మీద మోపకూడదు అని 1789లో మాడిసన్‌కు రాశారు. ఆయన 1826లో లక్ష డాలర్లకు పైగా బాకీతో పోయారు. మరుసటి జనవరిలో ఆయన ఎస్టేటు మాంటిచెల్లోలో వేలం పెట్టారు. సామానుతో, పశువులతో పాటు 130 మంది బానిసలను అమ్మకానికి పెడుతున్నట్టు ప్రకటన వేశారు. తల్లులూ పిల్లలూ వేర్వేరు పాటదారుల చేతుల్లోకి పోయారు. వాళ్లెవరూ అప్పు చేయలేదు. ఇక్కడ నాకు వ్యంగ్యం సరిపోవడం లేదు, ముందుకు పోతాను.

1811లో బ్యాంకు గడువు ముగిసింది. అప్పటికి అధ్యక్షుడైన మాడిసన్ గారి పార్టీ రాజ్యాంగాన్ని కాపాడుతూ దాన్ని మూసేసింది. సెనేట్‌లో సరిసమానంగా ఓట్లు పడితే, సొంత ఉపాధ్యక్షుడు క్లింటన్ గారి ఓటుతో పని పూర్తయింది. మరుసటి ఏడాది బ్రిటన్‌తో యుద్ధం మొదలుపెట్టారు. యుద్ధానికి డబ్బు కావాలని, డబ్బుకు బ్యాంకు కావాలని క్రమంగా తెలిసొచ్చింది. 1814లో శత్రువులు రాజధానిని తగలబెట్టారు. ఆ ఏడాది చివరికి ప్రభుత్వం బాండ్ల మీద వడ్డీ కట్టలేకపోయింది. 1816లో మాడిసన్ గారు మూడున్నర కోట్ల డాలర్ల మూలధనంతో రెండో బ్యాంకుకు సంతకం పెట్టారు. పాతదాని మూలధనం కోటి. పాతిక సంవత్సరాల్లో రాజ్యాంగంలో బ్యాంకు గురించి ఒక్క అక్షరం మారలేదు.

ఆ బిల్లును 1816లో గట్టిగా వ్యతిరేకించిన ఫెడరలిస్టుల్లో డానియెల్ వెబ్‌స్టర్ ఒకరు. మహావక్త. తర్వాత్తర్వాత ఆ బ్యాంకుకు సెనేట్‌లో ఆయనే పెద్ద దిక్కయ్యారు, బయట దాని వకీలూ అయ్యారు. 1833 డిసెంబర్‌లో అధ్యక్షుడు జాక్సన్ ఆ బ్యాంకు గొంతు పిసుకుతుంటే, సెనేట్‌లో వాదం జోరుగా సాగుతున్న రోజుల్లో, వెబ్‌స్టర్ గారు బ్యాంకు అధ్యక్షుడు నికొలస్ బిడిల్‌కు చిన్న ఉత్తరం రాశారు. బ్యాంకుకు వ్యతిరేకంగా వాదించమని తన దగ్గరికి ఒకరు వచ్చారని, తాను తిరస్కరించానని, అయితే తన వకీలు ఫీజు ఎప్పటిలాగా రెన్యువల్ అయినట్టు లేదని, ఈ సంబంధం కొనసాగాలంటే మామూలుగా ఇచ్చేది పంపడం మంచిదని అందులో ఉంది. ఉత్తరం చాలా మర్యాదగా ఉంది. రాజ్యాంగం ప్రస్తావన ఎక్కడా లేదు.