ఆకు తీపి, లెక్క చేదు

స్టీవియా ఆకు ఒకటి తెంపి నమిలితే ముందు పచ్చగడ్డి రుచే తగులుతుంది. తీపి కాస్త ఆలస్యంగా వస్తుంది. వచ్చాక ఓ పట్టాన పోదు. దాని వెనకాలే చిరుచేదు. ఈ పంట వేయమని రైతులకు మొక్కలు అమ్మేవాళ్లు ఆ చేదు సంగతి ఎత్తరు. పంచదార కన్నా 300 రెట్లు తీపి అంటారు, అంతే.

ఆ అంకె ఆకుది కాదు, ఆకులోంచి తీసి శుద్ధి చేసిన పొడిది. ఎండిన ఆకు బరువులో తీపినిచ్చే పదార్థం స్టీవియోసైడ్ మామూలుగా 5 నుంచి 10 శాతం ఉంటుంది. రుచిలో అంతకన్నా మేలైన మరో తీపి పదార్థం రెబాడియోసైడ్-ఎ 2 నుంచి 4 శాతమే. రైతు అమ్మేది ఆకు, డబ్బు ఉన్నది పొడిలో. నా అభ్యంతరమంతా ఇక్కడే.

స్టీవియా చామంతి కుటుంబపు మొక్క. ఒకసారి నాటితే మూడు నాలుగేళ్లు కోసుకోవచ్చు. సొంత ఊరు దక్షిణ అమెరికాలోని పరాగ్వే దేశపు ఈశాన్యంలో ఉన్న అమంబాయ్ ప్రాంతం, అక్కడి తేమ ఉన్న ఇసుక నేలలు. వేళ్లు పైపైనే ఉంటాయి కాబట్టి నీళ్లు నిలిస్తే కుళ్లుతుంది, తడి ఆరితే వాడుతుంది. ఇవి ఎలాగోలా సర్దుకోవచ్చు. అసలు చిక్కు పగటి నిడివితో. పగలు 13 గంటలకు తగ్గితే చాలా రకాలు పూతకు వస్తాయి. పూత వచ్చాక ఆకు పెరుగుదల ఆగుతుంది, తీపి కూడా తగ్గుతుంది. భూమధ్యరేఖకు దగ్గరి చోట్ల ఏడాది పొడుగునా పగలు 12 గంటలే కదా! అక్కడ మొక్క జానెడు కాకముందే మొగ్గ వేయాలని చూస్తుంది. మొగ్గ కనబడగానే కోసెయ్యాలి, మళ్లీ చిగురు వచ్చేదాకా ఆగాలి, మళ్లీ కోయాలి. ఈ కూలి ఖర్చు ఏ కరపత్రంలోనూ నాకు కనబడలేదు. అలాగని ఎండాకాలం పగళ్లు పొడుగ్గా ఉండే దూరదేశాలకు పోతే, చలికాలపు మంచు మొక్కను చంపేస్తుంది.

విత్తనం సంగతి ఇంకో తలనొప్పి. నల్లగా ఉన్నవే మొలకెత్తుతాయి, పాలిపోయినవి తాలు. మొక్క తన పుప్పొడితో తాను గింజ కట్టదు, అందుకే విత్తనాల నుంచి వచ్చిన పిల్లలన్నీ ఒకే తీపి ఉండవు. కొమ్మ కత్తిరింపులు గానీ, ల్యాబ్‌లో పెంచిన టిష్యూ కల్చర్ మొక్కలు గానీ కొనాలి. పెట్టుబడి మొదటి రోజే పెరిగిపోతుంది.

పరాగ్వే ప్రాంతపు ఆదివాసులైన గ్వారానీ ప్రజలు తరతరాలుగా ఈ ఆకును మాటే అనే టీ లాంటి పానీయంలో తీపికి వేసుకున్నారు. 1899లో వృక్షశాస్త్రవేత్త మోయిసెస్ బెర్తోనీ దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. 1931లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్తలు స్టీవియోసైడ్‌ను వేరు చేశారు. 1970ల్లో జపాన్ వ్యాపారం మొదలుపెట్టింది. 2008లో అమెరికా, 2011లో యూరప్ తలుపులు తెరిచాయి. అమెరికా తెరిచింది శుద్ధి చేసిన పొడికే, పచ్చి ఆకుకు కాదు. అంటే ఫ్యాక్టరీ లేనిదే ఆకుకు ఆ మార్కెట్ లేదు.

ఇప్పుడు ఆకు లేకుండానే ఫ్యాక్టరీ నడుస్తోంది. ఆకులో అతి కొద్దిగా ఉండే, చేదు దాదాపు లేని రెబాడియోసైడ్-ఎంను ఈస్ట్‌తో పులియబెట్టి తీస్తున్నారు. ఈస్ట్‌కు పగటి నిడివితో పనిలేదు. పైగా బరువు తగ్గడానికి చక్కెర బదులు ఇలాంటి తీపి పదార్థాలు వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది, ఆ జాబితాలో స్టీవియా కూడా ఉంది. గిరాకీ ఎప్పటికీ పెరుగుతూనే ఉంటుందన్న ధీమా నాకైతే లేదు.

పంటే చెడ్డదని నేను అనడం లేదు. నాటే ముందు కొనేవాడిని రెండు అడగాలి. డబ్బు ఆకు బరువుకా, ఆకులోని రెబాడియోసైడ్ శాతానికా? శాతానికైతే పరీక్ష ఎవరి ల్యాబ్‌లో? కాగితం మీద జవాబు రాకపోతే ఆ మడిలో ఇంకో పంట వేసుకోవడమే నయం.