కార్బన్ చర్యను కొలిచారు కదా!

"నక్షత్రాల్లో జరిగే కేంద్రక చర్యల్ని ల్యాబ్‌లో కొలవలేం" అని వ్యాసంలో రాశారు. నేరుగా కొలవడం కష్టమే, నిజం. కానీ చుట్టుదారి ఉందండీ. ఇటలీలోని కటానియా బృందం రెండు కార్బన్లు కలిసే చర్యను అలాగే కొలిచి 2018లో నేచర్ పత్రికలో ప్రచురించింది. పలుచని కార్బన్ రేకు మీదికి నైట్రోజన్-14 కేంద్రకాలను వదిలారు. నైట్రోజన్‌ను కార్బన్-12, డ్యూటెరాన్ (ఒక ప్రోటాన్, ఒక న్యూట్రాన్ ఉన్న కేంద్రకం) జంటగా ఊహించుకోండి. ధనావేశమున్న కేంద్రకాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి కదా, నైట్రోజన్ వేగంగా వచ్చి ఆ వికర్షణ గోడ దాటేస్తుంది. లోపలికెళ్ళాక కార్బన్ అవతలి కార్బన్‌తో కలుస్తుంది, డ్యూటెరాన్ మాత్రం ఏమీ పట్టనట్టు తన దారిన పోతుంది. సైనికుల్ని కడుపులో దాచుకుని కోటలోకి వెళ్ళిన గ్రీకు కథలోని చెక్క గుర్రంలా, ట్రోజన్ గుర్రం పద్ధతి అని పేరు పెట్టింది అందుకే. ఎంత చక్కని ఆలోచన! 50 కోట్ల డిగ్రీల దగ్గర చర్య వేగం పాత అంచనాకు 25 రెట్లకు పైగా వచ్చింది. వికర్షణ ప్రభావాన్ని లెక్కలో సరిగ్గా పట్టుకోలేదని భౌతిక శాస్త్రవేత్త ముఖమెద్జానోవ్, ఆయన సహచరులు తర్వాత అభ్యంతరం చెప్పారు. దయచేసి ఆ వాదన కూడా వ్యాసంలో చేర్చండి.