మూడో మునక

విశాఖపట్నంలో కాపురం ఉండేవాళ్లు సముద్రం మొహం చూసేది బంధువులు వచ్చినప్పుడే. మిగతా రోజుల్లో దాని పని దానిది, మన పని మనది. ఉక్కపోసినప్పుడు ఒకసారి, ఇనుప గేటు తుప్పు పట్టినప్పుడు ఒకసారి దాన్ని తిట్టుకుంటాం. అంతకుమించి రాకపోకలు ఉండవు. హైదరాబాద్ నుంచి ఫోను వచ్చిందంటే మాత్రం రాత్రికి రాత్రి మనం బంగాళాఖాతానికి ధర్మకర్తలమైపోతాం. అలలు పెద్దవైనా, నీళ్లు మురికిగా ఉన్నా, బండి మీద వేరుశెనగలు మెత్తబడినా సంజాయిషీ మనమే చెప్పుకోవాలి.

మా బావగారు ఆడిటరు. ఊళ్లు చూడటాన్ని కూడా ఆయన లెక్కల్లోనే చూస్తారు. వచ్చే ముందు ఫోనుకు ఒక పట్టిక పంపారు. అందులో గంటలు, నిమిషాలు, కిలోమీటర్లు, చివరి గడిలో ‘పూర్తయింది’ అని టిక్కు పెట్టడానికి చోటు. ఆదివారం సింహాచలం, సోమవారం సముద్రతీరం, మంగళవారం అరకు, ఆ రాత్రికే తిరుగు రైలు. సోమవారం పేజీ మాత్రం రెండుసార్లు చదివాను. ఆర్కే బీచ్‌లో సూర్యోదయం, కురుసుర జలాంతర్గామి, కైలాసగిరి, రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి, చివర్లో ‘సముద్రంలో సూర్యాస్తమయం - ఫోటోలు’. రుషికొండ ఎదురుగా ఇలా ఉంది: ‘సముద్ర స్నానం - 30 నిమిషాలు, తుడుచుకోవడంతో కలిపి’.

“బావగారూ, కురుసుర మ్యూజియానికి సోమవారం సెలవండీ” అని ఫోన్లో చెప్పాను.

“ఆదివారం జనం ఎక్కువగా ఉంటారని సోమవారం పెట్టానోయ్” అన్నారు. సోమవారం జనం ఉండరన్నది నిజమే కాబట్టి నేను వాదించలేదు.

వచ్చినవాళ్లు అక్క, బావగారు, ఇంజనీరింగ్ చదువుతున్న మేనల్లుడు, పదో తరగతి మేనకోడలు, బావగారి నాన్నగారు. మామయ్యగారికి డెబ్బై దాటాయి. పట్టిక మీద ఆయనకు ఏ అభిప్రాయమూ లేదు. ఆయనకు కావలసినవి రెండే. ఒకటి అరకులో బొంగు చికెన్. రెండోది సముద్ర స్నానం. సముద్రాన్ని ఎప్పుడు పడితే అప్పుడు తాకకూడదని, పర్వదినం అయి ఉండాలని ఆయన పట్టుదల. పంచాంగం తిరగేసి, సోమవారం మాఘ పౌర్ణమి అని తేల్చాకే రైలెక్కారు. పౌర్ణమికి పుణ్యంతోపాటు పోటు కూడా ఎక్కువే ఉంటుంది. ఆ సంగతి పంచాంగంలోనూ లేదు, పట్టికలోనూ లేదు.

సోమవారం ఉదయం కథ త్వరగా చెప్పేస్తాను. తెల్లవారుజామున నడకకు వచ్చేవాళ్ల కోసం ఆర్కే బీచ్ రోడ్డులో వాహనాలు ఆపేస్తారు. కారు ఎక్కడో వదిలి, మామయ్యగారిని నడిపించుకుంటూ మేం ఇసుక చేరేసరికి సూర్యుడు నాలుగు మూరలు పైకొచ్చి మా కోసం ఎదురుచూస్తున్నాడు. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి ఒడ్డున విశ్రాంతి తీసుకుంటున్న కురుసుర మూసిన గేటు వెనక నిక్షేపంగా ఉంది. దాని ముందు అందరూ నిలబడి ఫోటో దిగారు. బావగారు ఒక్క క్షణం తటపటాయించి, ‘పూర్తయింది’ గడిలో అర టిక్కు పెట్టారు. ఆడిటరు అర టిక్కు పెట్టడం చూడటం నాకు అదే మొదలు. కైలాసగిరి మీద శివపార్వతుల ముందు మళ్లీ ఫోటో. ఇక రుషికొండ.

రుషికొండ తీరం అందమైనదే, కాదనను. శుభ్రంగా, సురక్షితంగా ఉండే తీరాలకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో దానికి వచ్చింది. జీవరక్షకులు ఈలలు పట్టుకుని తిరుగుతుంటారు. అయినా మా తీరం అంతటా ఉన్న గుణం దానికీ ఉంది: నాలుగడుగులు వేస్తే మోకాలు, ఇంకో నాలుగు వేస్తే నడుము, ఆ తర్వాత కాళ్ల కింది ఇసుకే జారిపోతుంది. అందుకని మామయ్యగారికి ఒక వైపు నేను, ఇంకో వైపు మేనల్లుడు చేతులు పట్టుకున్నాం. బావగారు ఒడ్డున గడియారం చూస్తూ నిలబడ్డారు.

మామయ్యగారు సంకల్పం చెప్పుకున్నారు. గోత్రం, నక్షత్రం అన్నీ సముద్రానికి వివరంగా విన్నవించుకున్నారు. ఒక మునక వేసి “గోవిందా” అన్నారు. రెండో మునకకు “గోవిందా” ఇంకా గట్టిగా వినిపించింది. భక్తి పెరిగేకొద్దీ నోరు పెద్దదవుతోంది. మూడో మునక నుంచి లేచి “గో” అన్నారో లేదో, వెనక నుంచి వస్తున్న అల సరిగ్గా ఆ అక్షరం దగ్గరే ఆయన్ను అందుకుంది. మిగతా అక్షరాలు సముద్రం పాలయ్యాయి.

అల వెళ్లాక మామయ్యగారు నిలదొక్కుకున్నారు. కానీ మాట్లాడటం లేదు. ఒక చేయి నోటికి అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో సముద్రం వైపు చూపిస్తున్నారు. మేనకోడలు “డాల్ఫిన్! తాతయ్యకి డాల్ఫిన్ కనిపించింది!” అని అరిచింది. మేనల్లుడు పరుగున ఒడ్డుకెళ్లి ఫోను తెచ్చి, ఖాళీ సముద్రాన్ని ఓపిగ్గా వీడియో తీశాడు. తాతయ్య ఇంకా చూపిస్తూనే ఉన్నారు. చివరికి విసిగిపోయి ఆయన చేయి తీశారు. పై వరస కట్టుడు పళ్లు లేవు.

“హముద్రం… హముద్రం…” అన్నారు.

ఇంట్లో ఏదైనా పోతే ఎక్కడ వెతకాలో మనకు తెలుసు. అలమారా కింద, సోఫా సందులో. బంగాళాఖాతంలో ఎక్కడ మొదలుపెట్టాలి? వరసగా నిలబడి కాళ్లతో ఇసుక కెలకడం మొదలుపెట్టాం. మేనల్లుడు మధ్యలో ఆగి, ఆ పళ్లు అక్రిలిక్‌తో చేస్తారని, అది సముద్రపు నీటికంటే సాంద్రమైనదని, కాబట్టి తేలే ప్రశ్నే లేదని వివరించాడు. వాడికి నాలుగేళ్లకు కట్టే ఫీజు ఈ ఒక్క ముక్కలో గిట్టుబాటయిందని బావగారు గొణిగారు.

పక్కన స్నానం చేస్తున్నావిడ “ఏం పోయిందమ్మా?” అని అడిగింది. మామగారి పరువు నలుగురిలో పోకూడదని అక్క “ఉంగరం” అంది.

ఆ మాటతో తీరం మేలుకుంది. ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి మాతోపాటు వంగారు. “ఎన్ని గ్రాములు?” అన్నారు ఒకరు. “రాయి ఉందా?” అన్నారు ఇంకొకరు. కళాశాల నుంచి విహారానికి వచ్చిన కుర్రాళ్లు బంతాట ఆపి, చేతులు పట్టుకుని గొలుసుకట్టుగా నీళ్లలోకి దిగారు. అక్క ముందు నాలుగు గ్రాములంది, తర్వాత ఎవరో మళ్లీ అడిగితే ఎనిమిదంది. బరువు పెరిగేకొద్దీ జనమూ పెరిగారు. అప్పుడొక చిన్నపిల్లాడు తిన్నగా మామయ్యగారి దగ్గరికెళ్లి “తాతగారూ, ఏ వేలిది?” అని అడిగాడు. అబద్ధమాడటం ఆయన వల్ల కాదు. నోరు తెరిచి చూపించారు.

బంగారం కాదని తెలిశాక జనం విడిపోయిన వేగం చూడాలి. పళ్లు కాళ్లకు తగులుతాయేమోనన్న భయం కూడా తోడైందో ఏమో, కుర్రాళ్లు గొలుసు తెంచుకుని గట్టెక్కారు. ఒక్క పెద్దాయన మాత్రం వెళ్లలేదు. మామయ్యగారి పక్కన ఇసుకలో కూర్చుని, తన సెట్టు తీసి చేతిలో పెట్టి, అది ఎప్పుడు చేయించుకున్నదీ, మొదట్లో ఎక్కడ ఒరుసుకున్నదీ, జంతికలు ఎలా నమిలేదీ సావకాశంగా చెప్పుకొచ్చారు. ఆ మధ్యాహ్నం మామయ్యగారికి దొరికిన ఓదార్పు అదొక్కటే.

జీవరక్షకుడు అనుభవజ్ఞుడు. “పోటు తగ్గనివ్వండి. సముద్రం తీసుకున్నది చాలాసార్లు తిరిగిచ్చేస్తుంది” అన్నాడు. నాకూ ఆశ పుట్టింది. 2020 అక్టోబరులో ఇదే సముద్రం తెన్నేటి పార్కు దగ్గర ఒక బంగ్లాదేశ్ సరకు ఓడనే తెచ్చి ఒడ్డున పడేసింది. ఓడను వదులుకున్నదానికి పళ్ల సెట్టు ఒక లెక్కా? ఆగాం. పోటు తగ్గింది. గవ్వలు వచ్చాయి, ఒక చెప్పు వచ్చింది, కొబ్బరి చిప్పలు వచ్చాయి. బావగారు పట్టిక తీసి తొట్లకొండ కొట్టేశారు. రెండువేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు కొండరాతిలో నీటితొట్లు తొలిచి, వర్షాకాలమంతా కదలకుండా గడిపిన చోటును ఆయన 25 నిమిషాల్లో ముగిద్దామనుకున్నారు. తర్వాత ఎర్రమట్టి దిబ్బలు కొట్టేశారు. భీమిలి దగ్గర కలం ఆగింది గానీ, చివరికి అదీ పోయింది. మామయ్యగారు మాత్రం కొబ్బరినీళ్ల మీద గడుపుతూ, మనవలు తింటున్న ముంత మసాలాలోని వేరుశెనగపప్పులను ఒక్కొక్కదాన్నీ సాగనంపుతున్నట్టు చూస్తున్నారు.

సాయంత్రం అయిదున్నరకు బావగారు కెమెరా పట్టుకుని సముద్రానికి ఎదురుగా నిలబడ్డారు. చాలాసేపు నిలబడ్డారు.

“ఏమోయ్, ఇంకా దిగడే?”

“మీ వెనకాల దిగిపోయాడండీ.”

ఆయన వెనక్కి తిరిగారు. కొండ మీద కొంచెం ఎర్రదనం మిగిలి ఉంది. “సముద్రంలో కదా దిగాలి?”

“మనది తూర్పు తీరం బావగారూ. సముద్రంలోంచి ఉదయిస్తాడు. అందులో అస్తమించాలంటే గోవా వెళ్లాలి.”

“మీ విశాఖలోనే ఇలాగా?” అన్నారు, ఏర్పాట్లలో లోపం నాదేనన్నట్టు. చెన్నైలోనూ ఇదే పద్ధతని చెబుతుండగానే, పౌర్ణమి కదా, చంద్రుడు నీళ్లలోంచి పైకి రావడం మొదలుపెట్టాడు. బావగారు ఒక క్షణం ఆలోచించి పట్టిక తీశారు. ‘సూర్య’ కొట్టేసి ‘చంద్ర’ అని, ‘అస్తమయం’ కొట్టేసి ‘ఉదయం’ అని రాసి, పక్కన నిండు టిక్కు పెట్టారు. ఆ రోజు దాఖలైన పూర్తి టిక్కు అదే.

రాత్రి దంతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్తే, ముందు అచ్చు తీయాలని, తర్వాత కొలతలు, ఆ పైన మైనంలో పళ్లు పేర్చి సరిచూడటం, ఇదంతా రేపటికల్లా జరిగేది కాదని చెప్పారు. ఈసారి నీళ్లలో దిగేముందు తీసి డబ్బాలో పెట్టుకోమన్నారు. మామయ్యగారు తల ఊపారు.

మంగళవారం తెల్లవారకముందే కిరండూల్ ప్యాసింజరు ఎక్కడానికి బయలుదేరాం. అరకు వెళ్లే ఆ దారిలో 50కి పైగా సొరంగాలు. ప్రతి సొరంగంలోనూ పెట్టె అంతా కేకలు వేయడం ఆనవాయితీ. మామయ్యగారు కూడా వేశారు. చీకట్లో ఎవరికి కనిపిస్తుంది! బొర్రా గుహల్లో కప్పు నుంచి వేలాడుతున్న సున్నపురాతి కొనలను ఆయన తలెత్తి చాలాసేపు చూశారు. “దీనికి పై వరహ బాగానే ఉంది” అన్నారు. బొంగు చికెన్ దగ్గర మాత్రం ఆయన్ను చూడలేకపోయాం. నిప్పుల మీంచి దించిన వెదురు బొంగును మా ముందే చీల్చి, ఆవిరి కక్కుతున్న ముక్కలను ఆకులో పోశారు. ఆయన దగ్గరికి జరిగి వాసన చూసి, మళ్లీ వెనక్కి జరిగి పెరుగన్నం కలుపుకున్నారు. మా ఆవిడ ఒక ముక్కను నారనారగా చీల్చి పెట్టింది. “వద్దమ్మా, బొంగు చికెన్ అంటే కొరకాలి” అన్నారు. అందులో ఆయన రాజీపడరు.

వాళ్లు వెళ్లిన వారానికి జీవరక్షకుడి నుంచి ఫోను వచ్చింది. సెట్టు దొరికిందట. వెళ్లి చూస్తే, అక్కడ పోయిన వస్తువుల పెట్టెలో కళ్లజోళ్లు, తాళంచెవులు, ఒంటి చెప్పులతోపాటు నిజంగానే పళ్ల వరస ఉంది. ఇసుక కడిగి, దూదిలో చుట్టి కొరియర్ కార్యాలయానికి తీసుకెళ్లాను. “లోపల ఏముంది?” అని అడిగారు. “పళ్లు” అన్నాను. “పళ్లు పాడైతే మాది బాధ్యత కాదండీ, మామిడా, సపోటానా?” అన్నారు. వివరించాక ఆ గుమాస్తా పొట్లాన్ని రెండు వేళ్లతో పట్టుకుని తూచాడు.

మూడో రోజు మామయ్యగారే ఫోను చేశారు. కొత్త సెట్టు అప్పటికే వచ్చిందేమో, మాట స్పష్టంగా ఉంది.

“నాయనా, ఇవి నావి కావు. కింది వరస. పాపం ఎవరివో! ఆ మనిషి అక్కడ ఏం తింటున్నాడో ఏమిటో. తీసుకొచ్చి యథాస్థానంలో అప్పగించాలి.”

“కొరియర్‌లో పంపేయండి మామయ్యగారూ, నేను ఇచ్చేస్తాను.”

“ఇంకొకరి సొమ్ము అలా పంపకూడదు” అన్నారు. ఫోను బావగారు అందుకున్నారు. ఎలాగూ వస్తున్నారు కాబట్టి మిగిలిపోయినవి కూడా చూసేస్తారట, పట్టిక పంపారట, చూసుకోమన్నారు. చూశాను. కురుసుర ఈసారి బుధవారం పెట్టారు. తొట్లకొండకు నలభై నిమిషాలు ఇచ్చారు. సముద్ర స్నానం ఎదురుగా పర్వదినం పేరూ, పోటు వేళలూ ఉన్నాయి. కింద చిన్న అక్షరాల్లో, పక్కింటివాళ్లు కూడా వస్తారు, భోజనానికి మొత్తం తొమ్మిది మంది అని ఉంది.