ఐకాన్ నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు

లినక్స్‌లో పెద్ద అప్‌గ్రేడ్ చేశాక కంప్యూటర్ అసలు బూట్ కాకపోతే ఒక రకంగా అదే నయం. ఏదో పోయిందని తెలుస్తుంది, దాని సంగతే చూస్తాం. చిరాకు పెట్టేది ఇంకో రకం. లాగిన్ అవుతుంది, కొత్త వాల్‌పేపర్ కూడా వచ్చి కూర్చుంటుంది. రోజూ వాడే యాప్ ఐకాన్ నొక్కితే మాత్రం కర్సర్ కాసేపు గిర్రున తిరిగి ఆగిపోతుంది. విండో రాదు, ఎర్రర్ మెసేజ్ కూడా రాదు.

అప్పుడు చాలామంది యాప్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. అదీ పనిచేయకపోతే ఆదివారం పూటంతా కూర్చుని సిస్టమ్‌నే తుడిచి మళ్లీ వేసుకుంటారు. రోగమేమిటో తెలియకుండా మందు మింగడమే ఇది. యాప్‌లు పాడవడం కన్నా, పాడైన సంగతి డెస్క్‌టాప్ మనకు చెప్పకపోవడమే పెద్ద లోపమని నాకనిపిస్తుంది. ఎందుకంటే యాప్ సాధారణంగా కారణం చెప్పే పోతుంది. ఐకాన్‌తో తెరిస్తే ఆ మాట సిస్టమ్ రాసుకునే చిట్టా, అంటే జర్నల్ లాగ్‌లో ఎక్కడో పడుతుంది, మన కంటపడదు. అదే యాప్‌ను టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైప్ చేసే విండోలో పేరు టైప్ చేసి నడిపిస్తే ఎదురుగానే కనిపిస్తుంది.

ఉదాహరణకు యాప్‌ఇమేజ్ ఫైళ్లు, అంటే ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే ఒక్క ఫైలు యాప్‌లు. కావలసినవన్నీ మూటగట్టుకుని వస్తాయని వాటికి పేరు. కానీ ఆ మూట విప్పుకోవడానికి పాత తరహా యాప్‌ఇమేజ్‌లకు లిబ్‌ఫ్యూజ్2 అనే లైబ్రరీ (ప్రోగ్రాములు పంచుకుని వాడుకునే కోడ్) సిస్టమ్‌లో ఉండాలి. లినక్స్ రకాల్లో ఒకటైన ఉబుంటులో 22.04 వెర్షన్ నుంచి అది డీఫాల్ట్‌గా రావడం ఆగిపోయింది. టెర్మినల్‌లో నడిపితే ఆ లైబ్రరీ లోడ్ కాలేదని ఒక్క లైన్‌లో చెప్పేస్తుంది. దాన్ని సరిగ్గా చదవాలి. లిబ్‌ఫ్యూజ్2కు బదులు ఫ్యూజ్ అనే ప్యాకేజీ పెట్టబోతే అది కొత్త తరం ఫ్యూజ్3ని, దాని మీద ఆధారపడ్డ డెస్క్‌టాప్ భాగాలనూ తీసేసే ప్రమాదముంది. ఏమేం తీసేస్తోందో ఉబుంటులో ప్యాకేజీలు పెట్టే, తీసే ఆప్ట్ జాబితా చూపించి మరీ అడుగుతుంది. అది చదవకుండా సరేనని వై (Y) కొట్టినవాళ్లకు యాప్ మాట దేవుడెరుగు, డెస్క్‌టాపే మిగలకపోవచ్చు. 24.04కు వచ్చేసరికి ఈ లైబ్రరీ పేరు చివర టీ64 అని తోక చేరింది. 2038 జనవరి 19న 32 బిట్ల గడియారం నిండిపోయే సమస్య కోసం చేసిన మార్పు అది. మామూలు 64 బిట్ పీసీకి దానివల్ల ఒరిగిందేమీ లేదు, పేరు మాత్రం మారింది.

24.04లోనే ఇంకో మార్పు. మామూలు ప్రోగ్రాములు యూజర్ నేమ్‌స్పేస్‌లు, అంటే తమకంటూ వేరుపడిన గదుల్లాంటివి సృష్టించుకోకుండా యాప్‌ఆర్మర్ అనే భద్రతా వ్యవస్థ అడ్డుపడుతుంది. బయటినుంచి తెచ్చుకున్న ఎలక్ట్రాన్ యాప్‌లు (వెబ్ టెక్నాలజీతో కట్టినవి) కొన్ని శాండ్‌బాక్స్ గురించి, అంటే యాప్‌ను మిగతా సిస్టమ్ నుంచి వేరుగా ఉంచే రక్షణ కంచె గురించి ఏదో గొణిగి ఆగిపోయేది ఇందుకే. నో శాండ్‌బాక్స్ అనే ఆప్షన్ తగిలిస్తే తెరుచుకుంటుంది, అందరూ ఇచ్చే సలహా కూడా అదే. తాళం పట్టడం లేదని తలుపు ఊడదీసినట్టుంటుంది ఆ పని. ఆ ఒక్క యాప్‌కు అనుమతినిస్తూ యాప్‌ఆర్మర్ ప్రొఫైల్ రాసుకోవచ్చు. నాలుగైదు లైన్ల ఫైలు, అంతకన్నా ఏమీ లేదు.

ఇలా ఎందుకవుతుందంటే, లినక్స్‌లో మాట మీద నిలబడేది దాని మూలభాగమైన కెర్నల్. కొత్త కెర్నల్ వల్ల పాత ప్రోగ్రామ్ ఆగిపోకూడదన్నది దాన్ని సృష్టించిన లినస్ టోర్వాల్డ్స్ పట్టిన పట్టు. కెర్నల్ పైన ఉండే లైబ్రరీల దగ్గర అంత పట్టుదల లేదు. తన డైవింగ్ లాగ్ యాప్‌కు లినక్స్ బైనరీలు (నేరుగా నడిచే ఫైళ్లు) తయారుచేయడం ఎంత తలనొప్పో 2014లో డెబియన్ వాళ్ల సమావేశం డెబ్‌కాన్ఫ్‌లో టోర్వాల్డ్సే వాపోయాడు. 2022లో దాదాపు ప్రతి ప్రోగ్రామూ ఆధారపడే జీలిబ్‌సీ లైబ్రరీ 2.36 వెర్షన్ తనలోని హ్యాష్ టేబుల్ అనే ఒక పాత సూచికను వదిలేస్తే, దాన్ని నమ్ముకున్న, ఆటల్లో మోసాన్ని పట్టే యాంటీ చీట్ సాఫ్ట్‌వేర్ దెబ్బతిని కొన్ని గేమ్‌లు ఆగిపోయాయి.

అందుకే ముందు అడగాల్సింది ఈ యాప్ ఎక్కడినుంచి వచ్చిందని. డిస్ట్రో (ఉబుంటు లాంటి లినక్స్ రకం) సొంత రిపోలోంచి, అంటే ప్యాకేజీల గోదాములోంచి వచ్చినవన్నీ ఒకేసారి కొత్త లైబ్రరీలకు తగ్గట్టు బిల్డ్ అయి వస్తాయి కాబట్టి వాటితో పేచీ తక్కువ. చిక్కంతా బయటి డెబ్ ఫైళ్లతోనూ (ఇన్‌స్టాల్ ప్యాకేజీలు), వేరేవాళ్లు నడిపే రిపోలైన పీపీఏలతోనూ. పైగా ఉబుంటు అప్‌గ్రేడర్ బయటి రిపోలను ఆపేస్తుంది, మళ్లీ ఆన్ చేసుకోవడం మన పనే. ఆ సంగతి మర్చిపోతే పాత బిల్డ్ అలాగే ఉండిపోతుంది. ఆ బైనరీ మీద టెర్మినల్‌లో ఎల్‌డీడీ (ldd) అనే కమాండ్ నడిపితే దొరకని లైబ్రరీల ఎదుట ‘నాట్ ఫౌండ్’ అని కనిపిస్తుంది.

లైబ్రరీలన్నీ ఉన్నా తెరుచుకోకపోతే హోమ్ ఫోల్డర్‌ను అనుమానించాలి. ఒకసారి ఆడియో ఎడిటింగ్ యాప్ ఒకటి ఇలాగే మొండికేస్తే రెండుసార్లు తీసి పెట్టాను, ఫలితం లేదు. చివరికి కొత్త యూజర్ అకౌంట్ సృష్టించి అందులో నొక్కితే చటుక్కున తెరుచుకుంది. నా అకౌంట్‌లోని పాత సెట్టింగుల్లో, ఎప్పుడో తీసేసిన ప్లగిన్ దారి అలాగే ఉండిపోయింది. యాప్ తీసేసినా దాని సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫోల్డర్ పోదు మరి. ఇలాంటప్పుడు ఆ ఫోల్డర్‌ను డిలీట్ చేయకండి, పేరు మార్చి చూడండి చాలు.

స్క్రీన్ షేరింగ్, షార్ట్‌కట్ కీల యాప్‌లు పోతే తెర మీద విండోలు చూపించే కొత్త వ్యవస్థ వేలాండ్‌ను అనుమానించవచ్చు. లాగిన్ తెరలో దానికి ముందున్న పాత వ్యవస్థ ఎక్స్‌ఆర్గ్ (Xorg) ఎంచుకోమనే పాత చిట్కాకు కాలం చెల్లుతోంది. ఉబుంటు 25.10లో దాని డెస్క్‌టాప్ గ్నోమ్‌కు ఆ సెషనే లేదు. ఎన్విడియా గ్రాఫిక్స్ డ్రైవర్ మారాక ఫ్లాట్‌ప్యాక్ యాప్‌లు (సిస్టమ్ నుంచి విడిగా, తమ సొంత లైబ్రరీలతో నడిచేవి) మాత్రమే మొరాయిస్తే ఫ్లాట్‌ప్యాక్‌ను కూడా అప్‌డేట్ చేయాలి. దానిలోని డ్రైవర్ వెర్షన్ సిస్టమ్ వెర్షన్‌తో సరిపోవాలి.

క్రాష్ రిపోర్టర్లు ఉన్నాయి కదా అనవచ్చు. అవి క్రాష్ అయితేనే మేల్కొంటాయి. లైబ్రరీ దొరక్క మొదలే కాని యాప్ వాటి లెక్కలో క్రాష్ కాదు. ఏ ఫైలు దొరకలేదో జర్నల్‌లో అప్పటికే రాసి ఉంటుంది, దాన్ని తీసి ఓ చిన్న విండోలో చూపించడమే మిగిలిన పని. వాల్‌పేపర్ మార్చడానికి దొరికిన తీరిక దీనికి ఎందుకు దొరకడం లేదో డెస్క్‌టాప్ తయారుచేసేవాళ్లే చెప్పాలి.